కీ.శే. బాలనర్సమ్మ గారి ముప్పై కంప్యూటర్లు

పదిహేడో నంబరు కంప్యూటరును తుడుస్తున్నప్పుడు అండాలుకు ఎడమ దవడ లాగింది. అంతకుముందు పదకొండో నంబరు దగ్గర కూడా లాగింది. పన్ను నొప్పి అనుకుందామంటే ఆ పక్క దవడ పన్ను పీకించుకుని నాలుగేళ్లయింది. లేని పన్ను నొయ్యడమేమిటని చేతిలో గుడ్డతో కాసేపు నిలబడి ఆలోచించింది. తర్వాత కీబోర్డును బోర్లించి, పాలు తాగిన పసిపిల్లను తట్టినట్టు వీపు మీద రెండు తట్లు తట్టింది. పల్లీ పొట్టు, ఒక జడపిన్ను, ఎవరిదో సగం గోరు రాలాయి.

"మీరొచ్చి పది దినాలు కాలె. అప్పుడే పల్లీలు తింటుండ్రా?" అంది కీబోర్డుతో.

చెవికీ భుజానికీ మధ్య ఇరికించిన ఫోనులోంచి కూతురు అనూహ్య అరిచింది. ఆ పిల్లను హాలియాలో ఇచ్చారు. కాలువ నీళ్ళ ఊరికి పోయాక గొంతు కూడా బాగా పెరిగింది.

"ఎవరితోని మాట్లాడుతున్నవే అమ్మా? నేను అడిగేది దవాఖాన ముచ్చట. పొద్దుగాల లేస్తనే చెమటలు పట్టినయంటివి. పోతవా, పోవా?"

"గ్యాసే బిడ్డా. వాము నమిలిన."

"గ్యాసుకు దవడ నొస్తదా?"

"ఇయ్యాల ప్రాక్టికల్స్ ఉన్నయి. ఒంటిగంటకు అయిపోతయి. అయినంక సక్కగ దవాఖానకే పోత. ఒట్టు."

"ఒంటిగంటకు ఫోన్ చేస్త. ఎత్తకపోతే చూడు మళ్ల."

అండాలు ఫోనును నడుముకు వేలాడే చిన్న సంచిలో వేసి, పద్దెనిమిదో నంబరుకు జరిగింది. యాభై రెండేళ్ల పొట్టి మనిషి. కాలేజీ ఇచ్చిన నీలం అంచు చీర మోకాళ్ల దగ్గర వెలిసిపోయింది. కళ్ళద్దాల కుడి కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకుంది. పద్నాలుగేళ్లుగా తెరలు తుడిచే మందుతో కుడిచేతి మూడు వేళ్ల కొనలు తెల్లబడి, రేఖలు అరిగిపోయాయి. రేషను దుకాణం మిషను ఆ వేళ్లను గుర్తుపట్టదు. ప్రతి నెలా ఎడమచెయ్యి పెట్టి బియ్యం తెచ్చుకుంటుంది.

దేవరకొండలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీకి ఆమె ల్యాబు అటెండరు. కిటికీ తెరిస్తే ఖిల్లా గుట్ట కనపడుతుంది, మూస్తే ఉక్క. కంప్యూటరు పాఠం చెప్పే లెక్చరర్లు దసరాకు వచ్చి వేసవికి పోయేవాళ్లు. సర్కారు ఉద్యోగం వచ్చి కొందరు, పెండ్లయి కొందరు, జీతం రాక మిగిలినవాళ్లు. పోనిది అండాలు ఒక్కతే. అందుకని ల్యాబులో ఏ వైరు ఎక్కడికి పోతుందో, ఏ మిషను ఎండాకాలం అలుగుతుందో ఆమెకే తెలుసు. ప్రోగ్రాం అంటే ఏమిటో మాత్రం ఇప్పటికీ తెలియదు. కంపైలరు అంటే తెలుసు. పిల్లలు రాసింది మిషనుకు అర్థమయ్యేటట్టు మార్చి చెప్పే దుబాసీ అని అప్పటి లెక్చరరు సతీశ్ సారు ఆరేళ్ల కిందట చెప్పాడు. ఆ దుబాసీని మిషన్లలో దించడం, మొరాయిస్తే తీసేసి మళ్లీ దించడం ఆమె ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు.

తుడవడం అయ్యాక వరండాలోకి వచ్చింది. ల్యాబులోకి చెప్పులతో రాకూడదు. ఒక ప్రాక్టికల్స్ రోజున ఇద్దరు ఆడపిల్లలు ఒకే రకం చెప్పుల కోసం జుట్లు పట్టుకున్నారు. ఆ మరునాడే అండాలు తెల్లరంగు డబ్బా తెచ్చి, వరండా బండల మీద ఒకటి నుంచి ముప్పై దాకా అంకెలు వేసింది. ఏ కంప్యూటరు మీద కూర్చుంటే ఆ అంకె మీద చెప్పులు. ముక్కులు మెట్ల వైపు ఉండాలి. పోయేటప్పుడు తిప్పుకునే పని ఉండదు, తొడుక్కుని పోవడమే. ఆమెవి ముప్పై తర్వాత, అంకె లేని చోట ఉంటాయి. కుడి చెప్పు పట్టీని నల్లదారంతో తనే కుట్టుకుంది.

ఎనిమిదిన్నరకు దీప్తి మేడం వచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల, ఇదే మొదటి ఉద్యోగం. పరీక్ష పెట్టించేది తనే కాబట్టి రెండు రోజులుగా సరిగా తినడం లేదు. మొదటి మిషను ముందు కూర్చుని, పిల్లలకు మొట్టమొదట నేర్పే నాలుగు లైన్ల 'నమస్తే' ప్రోగ్రాం కొట్టి నడిపించింది.

నడవలేదు.

రెండో మిషను మీద చూసింది. నడవలేదు. ఐదు, తొమ్మిది, ఇరవై రెండు. దీప్తి ఒక్కో కుర్చీ మారుతుంటే మొహంలో రంగు ఒక్కో మెట్టు దిగింది.

"అండాలమ్మా," అంది చివరికి. "ముప్పైకి ముప్పై పోయినయి."

"గిదేంది మేడం! మొన్న షాపాయన ముందల కూసోని నడిపిచ్చి చూపిచ్చె గద."

"కంపైలరును ఉన్నవా అంటే ఉన్న అంటుంది. వర్షన్ నంబరు కూడా చెప్తుంది. పని చెప్తే చెయ్యనంటుంది."

కంపైలరును తీసేసి మళ్లీ దించారు. అదే మాట. మిషను ఆపి మళ్లీ వేశారు. అదే మాట. దీప్తి హైదరాబాదులో ఉన్న స్నేహితురాలికి ఫోను చేస్తే, వైరస్ కాపలాదారును కాసేపు నిద్రపుచ్చమని ఆమె సలహా ఇచ్చింది. నిద్రపుచ్చారు. కంపైలరు మాత్రం అదే మాట పట్టుకుంది.

విషయం ప్రిన్సిపాల్ శ్రీశైలం దాకా పోయింది. ఆయన మెట్లెక్కి వచ్చి, ముప్పై తెరలనూ ఒకేసారి చూసి, గోడ పట్టుకున్నాడు.

"పదిగంటలకు ఎగ్జామినరు వస్తుండు. పదిన్నరకు విజేందర్ సారు ఫొటోగ్రాఫర్‌ను తీసుకోని వస్తుండు. గిప్పుడా చెప్పేది?"

"ఇప్పుడే తెలిసింది సార్."

"పరీక్ష నడవకపోతే సెంటరు నల్గొండకు ఎత్తేస్తరు. పిల్లలు బస్సులెక్కి గాడికి పోయి రాయాలె. నేను ఏ బస్సెక్కాలెనో నాకే తెల్వదు." అని ఆయన ఎగ్జామినరుకు ఇడ్లీలు చెప్పడానికి కిందికి పోయాడు.

అండాలు మొదటి తెర ముందు వంగి నిలబడింది. ఇంగ్లీషు ఆమెకు అక్షరాల వరకే వస్తుంది. తెర మీది లైనును ఒక్కో అక్షరం వేలితో తాకుతూ పోయింది. మధ్యలో ఒకచోట అక్షరాలు ఆగిపోయి, వరసగా కొక్కేలు ఉన్నాయి.

??.??. ??????????

రెండు కొక్కేలు, చుక్క. రెండు కొక్కేలు, చుక్క. కొంచెం ఖాళీ. తర్వాత పది కొక్కేలు. రెండో మిషనులోనూ అంతే, మూడో మిషనులోనూ అంతే. ఆ చుక్కలను ఆమె ఎక్కడో చూసింది. చూడడం కాదు, కొట్టింది. శనివారం పొద్దంతా కూర్చుని, ముప్పైసార్లు.

అండాలు కుర్చీ వీపు పట్టుకుంది. దవడలోని నొప్పి మెడ దిగి భుజంలోకి వచ్చింది. అది కూడా ఆమెకు ఈ సంగతి వల్లనే వచ్చినట్టు అనిపించింది.

ఆ కంప్యూటర్లు విజేందర్ ఇచ్చినవి. ప్లాట్లు అమ్మే మనిషి. తల్లి సంవత్సరీకానికి ఊరంతటికీ స్టీలు టిఫిన్లు పంచి, ఒక్కోదాని మీద ఆమె పేరు కొట్టించాడు. కాలేజీకి కంప్యూటర్లు ఇస్తూ, "టిఫిన్ల మీద అమ్మ పేరున్నది, గిన్ని కంప్యూటర్ల మీద ఎందుకు లేదు?" అన్నాడు. డబ్బాలకు స్టిక్కర్లు అంటించారు. ఆయనకు అది ఆనలేదు. తెరిస్తే కనపడాలన్నాడు. ప్రిన్సిపాల్ ఆ పని అండాలుకు అప్పగించాడు. షాపాయన పెట్టిన ఖాతా తీసేసి, ప్రతి మిషనులోనూ కొత్త ఖాతా తెరిచి, 'కీ.శే. బాలనర్సమ్మ' అని తెలుగులో పేరు పెట్టింది. 'జ్ఞాపకార్థం' కూడా కొట్టబోతే పట్టలేదు. పద్నాలుగేళ్లలో మొదటిసారి తన భాషలో మిషనుకు ఒక మాట చెప్పానని, సాయంత్రం ఇంటికి పోతూ అర్ధపావు మిర్చి బజ్జీలు కొనుక్కుంది కూడా.

"మేడం," అంది అండాలు. "గీ కొక్కేలు బాలనర్సమ్మ గారే."

దీప్తి ఆమె వంక చూసింది. తర్వాత తెర వంక చూసింది. కుర్చీలో కూర్చోబోయి, కుర్చీ కొంచెం అవతల ఉండడంతో కింద కూర్చుంది.

"అయ్యో దేవుడా," అంది కింద కూర్చునే. "ఖాతా పేరుతోనే ఫోల్డరు తయారైతది. కంపైలరు పని చేసుకునేటప్పుడు చిత్తు ఫైళ్లు అందులోనే రాసుకుంటది. దానికి తెలుగు రాదు. చనిపోయినామె పేరు చదవరాక ముప్పై మిషన్లు ఆగిపోయినయా?"

"నేనే కొట్టిన మేడం. నా చేత్తోని."

"నీకు చెప్పినవాళ్లకు తెలవాలె గద. నాకు తెలవాలె గద." దీప్తి లేచి చీర దులుపుకుంది. "ఖాతా తీసేసి, ల్యాబ్ అని ఇంగ్లీషులో కొత్తది పెట్టేద్దాం."

ఫోనులో ఆ మాట విన్న ప్రిన్సిపాల్ అరుపు స్పీకరు వెయ్యకుండానే ల్యాబంతా వినపడింది. అమ్మ పేరు చూడడానికి మనిషి ఫొటోగ్రాఫర్‌తో వస్తుంటే, ఆ పేరు తుడిచేస్తారా? పైగా ఆయన పై అంతస్తు కూడా కట్టిస్తానన్నాడు.

తొమ్మిది దాటింది. పేరు ఉంటే పరీక్ష లేదు. పేరు పోతే పై అంతస్తు లేదు. దీప్తి కళ్ళల్లో నీళ్లు తిరిగాయి.

అండాలు కళ్ళద్దాల దారం సరిచేసుకుంది.

"మేడం, పాత మిషన్లల్ల జాగా నిండినప్పుడు సతీశ్ సారు ఒక పని చేసిండు. మిషను చిత్తు కాయితాలు ఏసుకునే డబ్బా ఉంటదంట. ఇంట్లనే ఉండాల్నని ఏం లేదు, ఏడ పెట్టాలెనో మనం చెప్పొచ్చన్నడు. ఇంటి మీది పేరు గట్లనే ఉండనీ. డబ్బాను వాకిట్ల పెడదాం."

దీప్తి నాలుగేళ్లు ఇంజనీరింగు చదివింది. ఆ డబ్బా పేరు టెంపు ఫోల్డరని ఆమెకు తెలుసు. దాన్ని మార్చవచ్చని కూడా తెలుసు. గుర్తు రాలేదంతే.

అండాలు అప్పటికే మొదటి మిషను లోపలికి పోయింది. సెట్టింగుల్లో ఒక గది, ఆ గదిలో ఇంకో గది, దాని అడుగున ఒక బొత్తాం. పేర్లు చదవదు, ఎన్నోది ఎక్కడ ఉంటుందో ఆమె చేతికి గుర్తు. సి డ్రైవులో ఖాళీ ఫోల్డరు ఒకటి తెరిచి, నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఏరుకుని 'పని' అని పేరు పెట్టింది. చిత్తు డబ్బా దారి అటు మళ్లించింది. దీప్తి తన ప్రోగ్రామును కూడా తెచ్చి అదే ఫోల్డరులో పెట్టి నడిపించింది.

తెర మీద 'నమస్తే' అని వచ్చింది.

దీప్తి అండాలు చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, వెంటనే వదిలి మళ్లీ పట్టుకుంది.

"ఇంత సల్లగ ఉన్నదేంది నీ చెయ్యి? మొహం చూడు, సున్నం కొట్టినట్టున్నది. అండాలమ్మా, నువ్వు ఇంటికి పో. నేను చేస్త."

"ఇరవై తొమ్మిది ఉన్నయి మేడం. మీరు రెండు నుంచి రాండ్రి. నేను ముప్పై నుంచి వస్త. అయినంక దవాఖానకే పోత, బిడ్డకు ఒట్టేసిన."

తొమ్మిదో మిషను అయిపోగానే దీప్తికి కింది నుంచి పిలుపు వచ్చింది. ఎగ్జామినరు ముందే వచ్చాడు. ప్రశ్నపత్రాల కవరు ఆమే తెరవాలట. మిగిలినవి అండాలు వాటాకు వచ్చాయి. ప్రతి మిషను దగ్గరా వంగడం, లోపలి గదికి పోవడం, నాలుగు అక్షరాలు ఏరడం, నమస్తే వచ్చేదాకా చూడడం. కూర్చుంటే లేవడానికి ఆలస్యమవుతుందని నిలబడే చేసింది. ఇరవయ్యో నంబరు దగ్గర కొంగుతో మెడ తుడుచుకుంటే కొంగు తడిసిపోయింది. పదిహేడు దగ్గర నోట్లో ఇంకొంచెం వాము వేసుకుంది. పదమూడు దగ్గర కాసేపు కళ్ళు మూసుకుని, తెర అంచు పట్టుకుని నిలబడింది. అది ఆమె పొద్దున తుడిచిన తెర. మళ్లీ వేలిముద్రలు పడ్డాయని కొంగుతో తుడిచింది.

పది కావడానికి రెండు నిమిషాలుండగా పదో నంబరు కూడా నమస్తే అంది.

పిల్లలు వచ్చారు. నిరోష అనే పిల్ల హడావిడిలో చెప్పులతోనే గడప దాటబోయింది.

"ఓ నిరోషా! నీది ఇరవై ఆరు. ఇడిసి, ముక్కులు మెట్ల దిక్కు పెట్టు."

"అండాలక్కా, పరీక్షల గిదొక పరీక్షనా?"

"గిది పాసైతెనే గది."

పిల్లలు నవ్వారు. ప్రోగ్రాములన్నీ 'పని' అనే ఫోల్డరులోనే దాచమని దీప్తి రెండుసార్లు చెప్పింది. ముప్పై కీబోర్డులు ఒక్కసారి మోగాయి. అండాలు మూలన, గోడకు ఆనించి ఉన్న చెక్క స్టూలు మీద కూర్చుంది. పొద్దుటి నుంచి మొదటిసారి కూర్చోవడం. తల గోడకు ఆన్చింది. ఆ చప్పుడు ఆమెకు ఇష్టం. రేకుల కప్పు మీద వాన మొదలైనట్టు ఉంటుంది. వాన ఎక్కువగా చూసిన ఊరు కాదు వాళ్లది.

ఎగ్జామినరు అమరేందర్ సారు వరసల మధ్య తిరుగుతూ, "మీ దగ్గర కంపైలరు భలే సాఫ్‌గ నడుస్తుంది. పోయిన వారం ఒక కాలేజీల సగం మిషన్లు లేవలె," అన్నాడు. దీప్తి మూల వైపు చూసింది. అండాలు కళ్ళు మూసుకుని ఉంది.

పదిన్నరకు రావలసిన విజేందర్ పదకొండున్నరకు వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో పూలదండ. మొదటి మిషను మూలన తల్లి పేరు చూసి ఆయన పెద్ద మొహం చిన్నపిల్లాడిదిలా అయింది. రెండు చేతులూ జోడించాడు. ముప్పై మిషన్లకూ జోడిస్తాడేమోనని పిల్లలు కీబోర్డుల మీద చేతులు ఆపి చూశారు. ఫొటోగ్రాఫరు వెనక్కి జరుగుతూ మూలకు వచ్చాడు.

"గీ అమ్మను జర లేపాల్నా సార్?"

"ఉండనీ," అన్నాడు ప్రిన్సిపాల్. "ఆమె ఫొటోల పడది."

ఫొటో తీశారు. విజేందర్ పోయాడు. ఆ తర్వాత నిరోష ప్రింటు రాక చెయ్యెత్తింది. "అండాలక్కా" అని రెండుసార్లు మెల్లగా పిలిచింది. పలకకపోతే, చెప్పుల సంగతికి ఇంకా కోపంగా ఉందనుకుని తనే వైరు సరిచేసుకుంది. అమరేందర్ సారు వేలు పెదాల మీద పెట్టి, "పండుకోనియ్యుండ్రి. పొద్దటి సంది కష్టపడి ఉంటది," అన్నాడు.

ఒంటిగంటకు గంట కొట్టారు. పిల్లలు జవాబు కాగితాలు ఇచ్చి, అంకెల మీది చెప్పులు తొడుక్కుని దిగిపోయారు. దీప్తి రెండు గ్లాసుల చాయ్ తెచ్చింది. ఒకటి స్టూలు పక్కన కిటికీ గట్టు మీద పెట్టింది.

"అండాలమ్మా, అయిపోయింది. ముప్పైకి ముప్పై. లే, దవాఖానకు పోదాం."

భుజం మీద చెయ్యి వేసింది. అండాలు తల గోడ మీద నుంచి నెమ్మదిగా పక్కకు జారి, దీప్తి మోచేతి మీద ఆగింది. కళ్ళద్దాలు చెవి దారానికి వేలాడాయి.

దీప్తి కేక వెయ్యలేదు. చేతిలో చాయ్ గ్లాసు ఉందని, అది ఒలికిపోతుందని మాత్రమే ఆమెకు తోచింది. చాలాసేపు అలాగే, ఒక చేత్తో తలను, ఒక చేత్తో గ్లాసును పట్టుకుని నిలబడింది.

కుర్చీలో కూర్చోబెట్టి కిందికి మోసుకుపోయారు. ఆటోలో దవాఖాన ఐదు నిమిషాలు. డాక్టరు చెయ్యి పట్టి చూసి, కనురెప్పలు ఎత్తి చూసి, ఎప్పుడు పడిపోయిందని అడిగాడు.

"పడలేదు సార్," అంది దీప్తి. "కూసున్నది."

"గుండె ఆగిపోయింది. గంటన్నర దాటి ఉంటది."

దీప్తి మనసులో వెనక్కి లెక్కపెట్టింది. ఒంటిగంట. పన్నెండున్నర. పన్నెండు. పదకొండున్నర. అక్కడ పూలదండ ఉంది, ఫొటో ఉంది. పక్కన నిలబడ్డ ప్రిన్సిపాల్ కూడా అక్కడికే చేరినట్టున్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నర్సు కాగితం మీద పేరు రాసుకుని, ఇంటిపేరు అడిగింది. ప్రిన్సిపాల్ దీప్తి వంక చూశాడు. దీప్తి ఆయన వంక చూసింది.

అప్పుడు అండాలు నడుము సంచిలో ఫోను మోగింది. తెర మీద 'బిడ్డ' అని తెలుగులో ఉంది. దీప్తి ఎత్తింది.

"అమ్మా, ఎన్నిసార్లు చెయ్యాలె? ప్రాక్టికల్స్ అయినయా?"

"అయినయి," అంది దీప్తి.

"ఎవరు? అమ్మ ఏది? దవాఖానకు పోయిందా, లేదా?"

ఆ ప్రశ్నకు దీప్తి నిజమే చెప్పొచ్చు, అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

"దవాఖానలనే ఉన్నది, అక్కా. నువ్వు ఉన్నపళంగా బస్సెక్కు."

సాయంత్రం ల్యాబుకు తాళం వేయడానికి దీప్తి ఒక్కతే మెట్లెక్కింది. లోపల ముప్పై తెరలూ ఇంకా వెలుగుతున్నాయి. ఒక్కొక్కటే ఆపింది. చాయ్ మీద మీగడ కట్టింది. గ్లాసు తీసుకుని బయటికి వచ్చి, తాళం వేసి, తన చెప్పులు తొడుక్కుంటూ కిందికి చూసింది.

ఒకటి నుంచి ముప్పై దాకా తెల్ల అంకెలన్నీ ఖాళీగా ఉన్నాయి. ముప్పై తర్వాత, అంకె లేని చోట, కుడి పట్టీని నల్లదారంతో కుట్టిన చెప్పుల జత ఒకటి, ముక్కులు మెట్ల వైపు పెట్టుకుని ఉంది.